మా బావగారు బండికి బిగించిన గ్లాసు

మా బావగారు పోయిన రోజు ఫోను వచ్చినప్పుడు నేను ఒక పసిపిల్ల తొడకి టీకా వేసి దూది అద్దుతున్నాను. నెల్లిమర్ల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగే ఏఎన్ఎంని నేను. ఫోను మా తోటికోడలిది. "ఒసే, మీ బావగారు పెరట్లో కుర్చీలో అలగే ఉన్నారే. ఎంత పిల్సినా పలకట్లేదు. నువ్వొకసారి వచ్చి సూడు," అంది. ఏడుపు లేదు గొంతులో. ఇంట్లో నర్సు ఉంది కదా, వస్తే ఏదో చేస్తుందన్న నమ్మకం ఉంది. నేను వెళ్ళేసరికి నేను చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

ఆ ఊళ్ళోంచి బయల్దేరుతుంటే పిల్ల తల్లి అడిగింది, "ఎవురికేటైనాదమ్మా? నీతో మాటాడని బావగారికేనా?" అవునని తలూపాను. ఈ ఊళ్ళన్నిటికీ ఆయన అలాగే తెలుసు. ఆ పేరు పెట్టి ఇంటింటా చెప్పుకు నవ్వింది నేనే. ఇప్పుడు ఆ ఊళ్ళలోకి వెళ్ళాలంటే నాకు మొహం చెల్లడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మావారికి అన్నగారు. మాదొకటే ఇల్లు, రెండు వాటాలు. మావారి ఉద్యోగం విశాఖలో, వారానికోసారి వస్తారు. మిగతా రోజులు ఇంట్లో మేం ముగ్గురమే, బావగారు, అక్క, నేను. తోటికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. మా కుటుంబాల్లో తమ్ముడి భార్య బావగారికి ఎదురు పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఇదంతా ఇంకా ఎవరు పాటిస్తున్నారని మీరు అనవచ్చు. మా బావగారు పాటించేవారు. వాకిట్లోకి వచ్చేముందు దగ్గేవారు, చెప్పులు నేలకేసి టపటప కొట్టేవారు. నాతో చెప్పవలసింది ఏదైనా ఉంటే భార్యతో చెప్పేవారు, పక్క వాటాలో నాకు వినబడేంత గట్టిగా.

"ఇదిగో, ఆ పిల్లకి సెప్పు. ఎనక టైర్లో గాలి తగ్గినాది."

నాకు నలభై దాటినా ఆయనకు నేను ఆ పిల్లనే. నేనూ గుమ్మం చాటునుంచి అక్కకే జవాబు చెప్పేదాన్ని. "అక్కా, సాయంత్రం కొట్టించుకుంటానని చెప్పు." మధ్యలో అక్క విసుక్కునేది, "ఇద్దరికీ సెవులు బాగానే ఉన్నాయి కదా. నానేటి మైకునా?"

జూట్ మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి ఆయన. పొద్దున్నే స్నానం చేసి, బనీను వేసుకుని, వీధి అరుగు మీద కుర్చీ వేసుకు కూర్చునేవారు. మిల్లుకి పోయేవాళ్ళు సైకిళ్ళ మీద నుంచి "ఏటి బావా", "ఏటి మావా" అని పలకరించేవారు. అందరికీ జవాబు చెప్పేవారు. ఎవరైనా పలకరించకుండా పోతే వాడికి ఒంట్లో బాగులేదేమోనని మధ్యాహ్నం వరకూ ఆలోచించేవారు. పింఛను కన్నా ఆ అరుగే ఆయనకి ఎక్కువని అక్క అనేది.

కొన్నేళ్ళ కిందట నాకు మూతి వంకరపోయింది. పొద్దున్న లేచి పుక్కిలిస్తే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడలేదు. ముఖానికి వచ్చే పక్షవాతం అది, చాలామందికి నెలల్లో తగ్గుతుంది, నాకు తెలుసు. ఎంతమందికి ధైర్యం చెప్పానో కూడా తెలుసు. నా దాకా వచ్చేసరికి ఆ చదువంతా గాలికి పోయింది. వీధిలో ఆడవాళ్ళు గాలి సోకిందన్నారు. కంటి డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు, మూతపడని కంటికి గాలీ దుమ్మూ తగిలితే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది, చూపు పోవచ్చు, బండి మానెయ్యమని. బండి మానేస్తే నా ఉద్యోగం లేదు. ముందు అద్దం ఉన్న పెద్ద హెల్మెట్టు పెట్టుకుందామంటే చెవి వెనక ఒకటే నొప్పి. వదులుగా ఉండే టోపీ హెల్మెట్టు, కళ్ళజోడు, ముఖమంతా చుట్టిన చున్నీతో తిరగడం మొదలుపెట్టాను. కళ్ళజోడు కిందనుంచి గాలి దూరి కన్ను మండిపోయేది.

అన్నిటికన్నా నాకు కష్టమైంది బండి సైడు అద్దాలు. ఎక్కి కూర్చోగానే రెండింటిలోనూ నా ముఖమే. చున్నీ జారితే చాలు, ఆ జారిన మూతి కనబడేది. చూడలేక రెండు అద్దాలనీ బయటికి తిప్పేశాను. వెనక వచ్చే లారీ కనబడకపోయినా ఫరవాలేదు అనుకున్నాను. నా బుద్ధి అప్పుడు అలా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అరుగు మీద కుర్చీ మాయమైంది. బావగారు పెరట్లో బావి పక్కకి మార్చుకున్నారు. పొద్దున్నే లేచి ఎవరి ముఖం చూడాలో చూడకూడదో పట్టింపు ఉన్న ఇల్లు మాది. నేను డ్యూటీకి బయల్దేరే వేళకి ఆ వంకర మూతి కంటబడకూడదని లేచిపోయారన్నమాట, అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నాకు నేనే అనుకుని, నాకు నేనే నమ్మేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆయన వంతు కూర అక్కకి అందించేటప్పుడు గిన్నె కొంచెం గట్టిగానే పెట్టేదాన్ని.

డాక్టరు మాట అక్క ఆయన చెవిన వేసినట్టుంది. ఒకరోజు విజయనగరం వెళ్ళి స్కూటరుకి ముందు బిగించే గ్లాసు కొనుక్కొచ్చారు. గాజుది కాదు, ప్లాస్టిక్కుదే, కానీ మా దగ్గర గ్లాసే అంటారు. బస్సులో కింద పెడితే ఎవరైనా తొక్కుతారని దారి పొడుగునా ఒళ్ళో నిలబెట్టి పట్టుకున్నారట. కండక్టరు "ఏ దేవుడి పటం బాబూ?" అని అడిగాడట. ఇది అక్క చెప్పింది. నేను నవ్వలేదు.

బిగించడం ఆయనకి రాదు. మిల్లులో ఆయన చేసింది వేరే పని. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళమని అక్క అంటే వినలేదు. "ఇందులో ఏటున్నాది? రెండు రాడ్లు, నాలుగు బోల్టులు," అన్నారు. సైడు అద్దాల కాడలకే ఆ రాడ్లు పట్టించాలి. సగం రోజు పట్టింది. ఒక బోల్టు మురుక్కాలవలో పడింది. బిగుసుకోవడానికి పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి కింద వేశారు. తీరా గ్లాసు ఎంత ఎత్తులో ఉండాలన్న దగ్గర ఆగిపోయారు. నా కళ్ళు ఎక్కడికి వస్తాయో తెలియాలంటే నన్ను బండి మీద కూర్చోబెట్టి చూడాలి. చూడకూడదు కదా. అక్కని ఎక్కించి కొలత తీసుకున్నారు.

అక్క నా భుజం దాకా వస్తుంది. మర్నాడు నేను బండెక్కితే గ్లాసు పై అంచు సరిగ్గా నా రెండు కళ్ళకీ అడ్డంగా వచ్చింది. మెడ సాచితే నొప్పి, మామూలుగా కూర్చుంటే రోడ్డు రెండు ముక్కలు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. "అక్కా, ఇది నీకు కుట్టించిన జాకెట్టులా ఉంది, నాకెలా పడుతుందని చెప్పు," అన్నాను, వినబడాలనే.

విన్నారు. రెండోసారి నన్ను బండి మీద కూర్చోమన్నారు, అక్కతోనే. తను గేటు అవతలికి వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడి, వెనక్కి చూడకుండా కేకలేశారు. "గెడ్డం కాడికి గీత గియ్యవే. వొంగి కూకోవద్దని సెప్పు. రోజూ ఎలగ కూకుంతాదో అలగే కూకోమను." అక్క సుద్దముక్కతో గీత గీసింది. దారిన పోయేవాళ్ళు ఆయన్ని వింతగా చూశారు. నేను లోపలికి వెళ్ళాక ఆయన హ్యాక్సా బ్లేడుతో పై భాగం కోశారు. అంచు రంపపు పళ్ళలా వచ్చింది. నేను చెయ్యి కోసుకుంటానేమోనని పచ్చ నీళ్ళ పైపు నిలువునా చీల్చి ఆ అంచుకి తొడిగారు.

ఇంకోటి కూడా చేశారు. రెండు సైడు అద్దాలనీ లోపలికి తిప్పి, స్పానరుతో గట్టిగా బిగించేశారు. మర్నాడు ఎక్కి కూర్చోగానే నా ముఖం మళ్ళీ నా ఎదురుగా ఉంది. నీ అందం నువ్వే చూసుకో అన్నట్టు తోచింది నాకు. వీధి మలుపు దాటాక బండి ఆపి, బలమంతా పెట్టి అద్దాలు మళ్ళీ బయటికి తిప్పేశాను.

ఆ పచ్చ అంచు గ్లాసు చూసి ఊళ్ళు నవ్వాయి. "ఏటి సిస్టరమ్మా, బండికి కూడా ముసుగేసినావు," అనేవారు. పక్క గాలి కొడితే హ్యాండిలు లాగేది. గతుకుల్లో కటకటలాడేది. కానీ గాలి ఆ అంచుకి కొట్టుకుని తల మీదుగా పోయేది, కంటికి తగలడం ఆగింది. మంట తగ్గింది, ఎరుపు తగ్గింది. కొన్ని నెలలకి కన్ను మూతపడింది, మూతి కూడా దాదాపు సర్దుకుంది. నవ్వితే ఇప్పటికీ కొంచెం తెలుస్తుంది. డాక్టరు నా కన్ను చూసి, జాగ్రత్తగా ఉన్నావమ్మా, అన్నాడు. ఆ మాట తెచ్చి బావగారికి ఇవ్వలేదు నేను. అద్దాలు కూడా సర్దుకున్నాను. ఆయన మాత్రం మళ్ళీ అరుగు మీదకి రాలేదు. పెరడే అలవాటైపోయింది కాబోలు అనుకున్నాను.

ఒకసారి మాత్రం అక్క ఆయన్ని అడగడం విన్నాను, మరదలి బండికోసం అంత అవస్థ ఎందుకని. "మనుషులకి మొగమాటం ఉంటాది. గాలికేటుంటాది?" అన్నారు. ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదొక్కటే. అప్పుడు దాని అర్థం గురించి ఆలోచించలేదు.

ఆయన పోయిన మూడోనాడు పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళ మధ్య అక్క కూర్చుని ఉంది. నేను కాఫీ గ్లాసులు తెస్తున్నాను. అక్క నన్ను చూపించి వాళ్ళతో చెప్పింది.

"ఇలాటి మరదలు ఎవురికుంటాదమ్మా. మా ఆయన అరుగు మీద కూకుంటే, బండి అద్దంలో ఆయన మొహం కనబడతాదని సిగ్గుపడి అద్దాలు తిప్పేసుకునేది. ఆయనే సూసి సెప్పినారు నాకు. 'ఆ పిల్ల నా వల్ల అద్దాలు తిప్పేసుకుంతంది, ఎనకొచ్చే బండి కనబడదు, ఏ లారీయో గుద్దేస్తే ఏటి గతి? నానే లేచిపోతాను' అన్నారు. గ్లాసు బిగించినప్పుడు తిన్నగా పెట్టినా మళ్ళీ తిప్పేసిందట. ఇంకా సిగ్గు తీరలేదు పాపం, అన్నారు. తరవాత అద్దాలు తిన్నగా ఉన్నా, తను ముందుకొస్తే మళ్ళీ తిప్పేసుకుంతాదని ఆ కుర్చీ మరి తేలేదు."

ఆడవాళ్ళందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. ఒక ముసలావిడ, "ఈ కాలంలో అంత మర్యాద ఎక్కడున్నాదమ్మా," అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కాఫీ గ్లాసులున్న పళ్ళెం ఎవరి చేతికిచ్చానో గుర్తులేదు.

అందరూ వెళ్ళాక అక్కకి నిజం చెప్పేశాను. అద్దాలు తిప్పింది నా ముఖం నేను చూడలేక అని, బావగారి మాటే నాకు తట్టలేదని. ఆయన నా ముఖం చూడలేకే లేచిపోయారని అనుకున్నానని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ మాట ఒక్కటి నాకు సెప్పి ఉంటే సరిపోను కదే," అంది. "ముందుకొచ్చి కూకుందురు. పెరట్లో ఎవురున్నారు ఆయనకి? మిల్లు టైముకి సైకిలు బెల్లులు ఇనబడితే గోడ ఇవతలనుంచి తల ఎత్తి సూసేవోరు."

నేను ఆయన్ని అపార్థం చేసుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. ఆయన నన్ను అపార్థం చేసుకుని, ఉన్నదానికన్నా మంచిదాన్ని చేసినందుకు ఇంకా ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలని మావారు ఫోటోలు వెతికారు. ఆధారు కార్డు మీది పెద్దది చేస్తే ముఖమే తెలియలేదు. బావగారు తిన్నగా చూస్తున్న ఫోటో ఇంకొక్కటీ దొరకలేదు. శుభకార్యాల్లో తీసిన ప్రతి ఫోటోలోనూ నేనున్నాను, అందుకని ఆయన చివర నిలబడి పక్కకి చూస్తున్నారు. "ఈటిల్లో ఏది ఆయనలా ఉన్నాది, నువ్వు సెప్పు," అంది అక్క. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆయన ముఖం సరిగ్గా ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ మాట కూడా అక్కతో చెప్పలేక, ఏదో ఒకటి చూపించాను.

ఆ ఫోటోలోంచి నన్ను కత్తిరించేసి ఫ్లెక్సీ వేశారు. వీధి మలుపులో కట్టారు. నిలువెత్తు మనిషి, కొత్త పంచె, చూపు మాత్రం పక్కనున్న కరెంటు స్తంభం వైపు.

పెద్దకర్మ అయిన మర్నాడు డ్యూటీకి బయల్దేరి మలుపులో బండి ఆపాను. దిగి, హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకుని, ఆ స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే ఆయన నన్నే చూస్తున్నారు. నుదురు మీద చిన్న మచ్చ ఉంది, నాకు తెలియదు. చెప్పాలనుకున్నదంతా ఇంటి దగ్గరే కూడబలుక్కుని వచ్చాను. నోరు తెరిస్తే, "అక్కా, బావగారితో చెప్పు..." అనే వచ్చింది.

పక్కన అక్క లేదు. ఆయన వింటున్నట్టే ఉన్నారు.