నిద్రపోయేవారైతే పదిహేను మంది

రాజమండ్రి ఇన్నీసుపేటలో ఎవరింట పెళ్ళి కుదిరినా, ముహూర్తం పెట్టుకున్న మర్నాడే రత్నమాణిక్యం గారికి కబురు వచ్చేది. మగపెళ్ళివారి విడిదిలో పక్కలు ఆవిడే వేయించాలి. ఏ జంపఖానా ఎటు పరవాలో, ఏ ముసలాయనకు గోడవార చోటివ్వాలో, ఏ బాలింతను తలుపు చాటున పడుకోబెట్టాలో ఆవిడకు ఇట్టే తెలిసిపోయేది. గుమ్మంలో నిలబడి చెయ్యి చూపిస్తే చాలు, పక్కలు పడిపోయేవి.

ఆ సంగతి ఆవిడే చెప్పుకునేది. దాచుకోవలసిన పని ఏముంది? మండపేట దగ్గర పల్లెలో ఐదో తరగతి వరకు చదివి, ఇన్‌స్పెక్టరు గారి ముందు ఎక్కాలన్నీ ఒక్క తప్పు లేకుండా ఒప్పజెప్పి బహుమతి పుచ్చుకున్న మనిషి ఆవిడ. ఎనభై ఆరు వరదల్లో పల్లపు వీధుల వాళ్ళను తీసుకొచ్చి సావిట్లో పడుకోబెట్టింది. తొంభై ఆరు తుఫానుకు కోనసీమ నుంచి తమ్ముళ్ళిద్దరూ సంసారాలతో వచ్చి పడితే, తన పరుపు వాళ్ళకిచ్చి తాను చాప మీద పడుకుంది. ఇవన్నీ చెప్పి చివర ఒక మాట అనేది: "నా గడప తొక్కినవాడు పక్క చాలలేదని అన్న పాపాన పోలేదు."

అన్నిటికంటే పెద్ద ఘనత పెద్దమ్మాయి పెళ్ళి. ఆ పెళ్ళికి ఇదే ఇంట్లో నలభై మంది దిగారు. ఆ మాట వీధిలో వినని వారు లేరు.

రెండువేల మూడు పుష్కరాలు దగ్గర పడ్డాయి. ఊళ్ళో లాడ్జీలు, సత్రాలు అప్పటికే నిండిపోయాయి. పక్క వీధిలో ప్రెస్సు నడిపే మణిశంకర్ ఒక ఆలోచన చేశాడు. పుష్కరాల రోజులకు ఇల్లు అద్దెకిచ్చే వాళ్ళ వివరాలు రాసుకుని, చిన్న పుస్తకం వేసి, కంప్యూటర్లో కూడా పెడతానన్నాడు. కోటిలింగాల రేవుకు దగ్గర కాబట్టి మొదట రత్నమాణిక్యం గారింటికే వచ్చాడు.

"పిన్నిగారూ, ఎంతమంది పడుకోవచ్చని వెయ్యమంటారండి?"

"నలభై. ఇంకా అడుగుతావేంటి, నువ్వు మా అమ్మాయి పెళ్ళిలో లడ్డూలు తిన్నవాడివే కదా!"

పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న భర్త వేంకటరమణ గారు పేపరు కొంచెం కిందికి దించి, ఆవిడ ముఖం చూసి, మళ్ళీ పైకి ఎత్తేశారు. ధవళేశ్వరం ఆఫీసులో నీళ్ళ లెక్కలు చూసి రిటైరైన ఆయన, ఇంట్లో లెక్కల జోలికి సాధారణంగా వచ్చేవారు కాదు.

పుస్తకం బయటికి వచ్చిన వారంలోనే ఫోను మోగింది. భీమవరం దగ్గర పల్లె నుంచి సుబ్బాయమ్మ గారని ఒకావిడ.

"ఆయ్, నమస్కారమండి. పుస్తకంలో చూసేమండి. మా వాళ్ళం, మా ఆడపడుచుల వాళ్ళం కలిపి ముప్పై ఆరుమందిమవుతామండి. సరిపోద్దంటారా?"

"భేషుగ్గా! ఇంకో నలుగురికి చోటు మిగులుతుంది. నా మాట మీద బయలుదేరండి" అని రత్నమాణిక్యం గారు ఫోను పెట్టేసి, గెలిచినదానిలా భర్త వైపు చూసింది.

ఆయన ఈసారి పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మాణిక్యం, ఒక్క సంగతి. వాళ్ళు నిద్రపోతారా?"

"అదేం ప్రశ్నండీ? పక్కలెందుకు మరి?"

"మన అమ్మాయి పెళ్ళిలో ఎవరు నిద్రపోయారో ఒకసారి గుర్తు చేసుకో. మీ అన్నయ్య జట్టంతా అరుగు మీద తెల్లవార్లూ పేకాడారు. వంటవాళ్ళు పొయ్యి దగ్గరే కునికారు. ఆడవాళ్ళు సగంమంది పూలు గుచ్చుతూ కూర్చున్నారు. మిగిలిన కుర్రకారు డాబా మీద పడుకున్నారు. అది వైశాఖం. ఇప్పుడు వచ్చేది శ్రావణం."

"అంటే నా మాట అబద్ధమంటారు."

"నలభై మంది దిగారన్నది నిజమే. నేను కాదన్నానా?"

ఆ మాట ఆవిడకు బాగా తగిలింది. మర్నాడు భోజనాలయ్యాక వీధిలో వాళ్ళందరినీ పిలిచేసింది. వెనక వాటాలో అద్దెకుండే స్కూలు టీచరు హైమవతి వచ్చింది. కరెంటు ఆఫీసు లైన్‌మన్ చిట్టియ్య వచ్చాడు. పిలవని వాళ్ళు కూడా వచ్చారు. ఆవిడ పమిట బిగించి, సావిడి, వీధి గది, మండువా చుట్టూ వసారాలు, వెనక డాబా గది, అన్నిటా జంపఖానాలు పరిపించింది.

"అందరూ పడుకోండి. ఒకరినొకరు తగలకుండా, సుఖంగా. ఈయనకి నేను చూపించాలి."

"పగటిపూట పడుకోమని పిలిచి మరీ చెప్పేవాళ్ళు ఎక్కడుంటారు అక్కయ్యగారూ!" అంటూ హైమవతి కళ్ళజోడు తీసి తలవైపు పెట్టుకుని పడుకుంది. చిట్టియ్య సావిట్లో ఒరిగాడు. ఆరడుగుల మనిషి. కాళ్ళు గడప దాటి వీధి గదిలోకి వెళ్ళాయి.

"కాళ్ళు ముడుచుకోవయ్యా" అంది ఆవిడ.

"రాత్రంతా ముడుచుకుంటే పొద్దున్న స్తంభం ఎక్కలేనండి."

జనం బాగానే సర్దుకున్నారు. రత్నమాణిక్యం గారి ముఖం వికసించింది. అప్పుడు వేంకటరమణ గారు కుర్చీలోంచి లేచి, "ఇప్పుడు నాకు పెరట్లోకి వెళ్ళవలసిన పని పడింది" అన్నారు. వెళ్ళడానికి దారేది? ఒకరి చెయ్యి తప్పించి, ఇంకొకరి జడ తప్పించి, మూడో మనిషిని దాటబోయి ఆయన హైమవతి కళ్ళజోడు మీద కాలు వెయ్యబోయారు. ఆవిడ కెవ్వుమంది. ఆ కేకకు అందరూ లేచి కూర్చున్నారు. గురకపెట్టి నిద్రపోతున్న ఒక్క పెద్దాయన తప్ప.

"దారికి ఇద్దరి చోటు తియ్యాలి" అంది రత్నమాణిక్యం గారు నెమ్మదిగా. ఓటమి కాదు, పనిలో పడ్డ గొంతు అది.

అంతలో వాన అందుకుంది. మండువాలోకి దిగిన వాన, ఈదురుగాలికి తూర్పు వసారాలోకి జల్లు కొట్టింది. అక్కడ పడుకున్న నలుగురూ దిండ్లు చంకన పెట్టుకుని నవ్వుతూ పడమటి వైపు పరుగెత్తారు. అక్కడ ఉన్నవాళ్ళు జరగమంటే జరగలేదు. వంటింటి పక్క గదిలో పరుద్దామంటే అక్కడ ఆవకాయ జాడీలు, ఆవిడ మడిబట్టల దండెం. ఉయ్యాల బల్ల మీద పడుకున్నావిడ అటు తిరిగితే కీచు, ఇటు తిరిగితే కీచు.

వాన తగ్గి అందరూ కాఫీలు తాగి వెళ్ళాక, ఆవిడ గదిగదికీ మరోసారి తిరిగింది. విడిదిలో పక్కలు వేయించేటప్పటి చూపుతోనే తిరిగింది. చివరకు వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది.

"పదిహేను."

ఆయన తల ఊపారు. ముందే చెప్పానని అననందుకు ఆవిడ మనసులో కొంచెం సంతోషించింది.

"ముప్పై ఆరుమందిని రమ్మన్నాను. ఇప్పుడు కాదంటే, ఇన్నీసుపేట రత్నమాణిక్యం మాట ఇచ్చి వెనక్కి తీసుకుందని గోదావరి అటువైపంతా చెప్పుకుంటారు. వస్తే, నా గడపలో మొదటిసారి పక్క చాలలేదన్న మాట వినాలి."

"నేను చెయ్యనా ఫోను?"

"మీరెందుకు? చెప్పిన నోరు ఇక్కడే ఉందిగా."

మణిశంకర్‌ను పిలిపించి ముందు అతనికి చెప్పింది. పుస్తకం రెండోసారి అచ్చు వెయ్యబోతున్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాసుకో. వీధి గదిలో పట్టెమంచం, ఇద్దరు పడుకోవచ్చు, ఇద్దరూ లావైతే ఒకరే. సావిట్లో నేల మీద పరుపులు, ఐదుగురు, పెరట్లోకి దారి వదిలి. పొడుగు మనుషులు తల తూర్పుకి పెట్టుకోవాలి. పడమటి వసారాలో నలుగురు. ఉయ్యాల బల్ల మీద ఒకరు, దొర్లే అలవాటు ఉండకూడదు. వెనక డాబా గదిలో ముగ్గురు. ఫాను ఉంది, కాని చప్పుడు చేస్తుంది. తూర్పు వసారాలో వానాకాలం ఎవరూ పడుకోకూడదు."

"ఇలా రాస్తే ఎవరొస్తారండి పిన్నిగారూ? అవతల వాళ్ళంతా విశాలమైన ఇల్లు, ఎంతమందైనా రావచ్చు అని వేయిస్తున్నారు."

"వచ్చేవాళ్ళు వస్తారు. రాసుకో."

అతను వెళ్ళాక ఆవిడ ఫోను దగ్గర కూర్చుంది. నంబరు తిప్పేముందు రెండుసార్లు గొంతు సవరించుకుంది. సుబ్బాయమ్మ గారు ఎత్తగానే ఆపకుండా చెప్పేసింది. పెళ్ళి లెక్క చెప్పానని, నిద్ర లెక్క వేరని, పదిహేను మందికి మించి తన ఇంట్లో సుఖంగా పడుకోలేరని.

"మరండీ," అంది సుబ్బాయమ్మ గారు, "మా మావగారు కర్ర సాయంతో లేస్తారండి. ఆయన్నెక్కడ పడుకోబెడతారు?"

"వీధి గదిలో, కిటికీ పక్కన. మంచం ఎత్తుగా ఉంటుంది, లేవడం తేలిక. కిటికీ ఊచ పట్టుకోవచ్చు. కాని వీధిలో మైకు తెల్లవారకుండానే మొదలవుతుంది, ముందే చెబుతున్నాను."

"ఆయనకి చెవుడేనండి, ఫరవాలేదు. చంటిపిల్ల తల్లండి?"

"పడమటి వసారాలో మూల. జల్లు రాదు, దోమతెర కట్టడానికి కొక్కేలు ఉన్నాయి."

సుబ్బాయమ్మ గారు నవ్వింది. "ఇంకా మూడిళ్ళకి చేసేనండి ఫోను. అందరూ ఎంతమందైనా వచ్చెయ్యండి అన్నారు. జల్లు ఏ పక్క కొడుతుందో ఒక్కరూ చెప్పలేదు. పెద్దాళ్ళం, పిల్లల తల్లులం మీ ఇంటికే వస్తామండి. కుర్రోళ్ళు పొద్దున్నే కార్లేసుకొచ్చి, మునిగి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. ఆళ్ళకి పక్కలెందుకండీ?"

పుష్కరాలకు పదిహేను మందీ వచ్చారు. సుబ్బాయమ్మ గారి మామగారు వెళ్ళే రోజున కిటికీ ఊచ పట్టుకుని లేచి, "ఇంటి దగ్గర కూడా ఇంత నిద్ర పట్టలేదమ్మా" అన్నారు. ఆ మాట రత్నమాణిక్యం గారి ఘనతల్లో తుఫాను తర్వాత, పెద్దమ్మాయి పెళ్ళికి ముందు చేరిపోయింది.

ఆ తర్వాత కూడా మణిశంకర్ ఆ పుస్తకం ఆపలేదు. పెళ్ళిళ్ళ సీజనుకు విడిది ఇళ్ళ పుస్తకమని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఈసారి ఎంతమందని వెయ్యనండి?"

"నిద్రపోయేవారైతే పదిహేను మంది" అంది ఆవిడ ఠీవిగా. "పెళ్ళివారైతే నలభై. ఆ నలభై మాత్రం నేను దిద్దను."

పేపరు వెనక నుంచి వేంకటరమణ గారు దగ్గారు.

"సరే, వేసవి పెళ్ళికి అని కూడా వెయ్యి" అంది రత్నమాణిక్యం గారు.