చిన్నత్తయ్యకి నేను చూపించిన అలాస్కా

ఆ రోజుల్లో నా వీసా మీద అమెరికాలో ఏ పనైనా చేసుకోవచ్చు, జీతం వచ్చే పని తప్ప. మా ఆయన పొద్దున్నే కార్ తీసుకుని క్లయింట్ ఆఫీస్‌కి వెళ్లిపోయేవాడు. మేముండే పార్సిప్పనీలో కార్ లేని మనిషి వెళ్లగలిగిన చోట్లు రెండే. ఒకటి అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్, రెండోది ఇరవై నిమిషాలు నడిస్తే వచ్చే లైబ్రరీ. బట్టలకి వారంలో ఒక రోజు చాలు కాబట్టి మిగతా రోజులన్నీ లైబ్రరీకే ఇచ్చేశాను. నా చదువు పెళ్లి దగ్గర ఆగిపోయిన బీకామ్. (ఆ బీకామ్‌లో ఏం నేర్చుకున్నావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అది నా అదృష్టం.) ఏం చదవాలో చెప్పేవాళ్లు లేక, మొదటి బీరువా మొదటి అర నుంచి వరసగా చదువుకుంటూ పోయాను. అన్నీ చదివానని అనను, ప్రతి అరలోనూ రెండో మూడో. ఏడాదిన్నర తిరిగేసరికి తత్వశాస్త్రం, మతాలు, పన్నులు, వ్యాకరణం దాటి నక్షత్రాల మీదుగా రాళ్లూ మంచూ దాకా వచ్చాను. వంట పుస్తకాలు ఆ తర్వాతి బీరువాలో ఉన్నాయనీ, నేను అక్కడికి ఎప్పుడొస్తానా అనీ మా ఆయన ఎదురుచూసేవాడు.

ఒంటరిగా చదివేవాళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. చదివింది ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. మా ఆయన ఇంటికొచ్చి షూస్ విప్పుతుంటే నేను శనిగ్రహం వలయాల గురించి మొదలుపెట్టేదాన్ని. పాపం, రెండో షూ విప్పేదాకా "ఊఁ" అనేవాడు. ఆ తర్వాత అదీ ఉండేది కాదు. సరిగ్గా అలాంటి సమయంలో నాకు తొమ్మిది మంది శ్రోతలు, వారం రోజులపాటు ఎక్కడికీ పారిపోలేని చోట దొరికారు.

చిన్నత్తయ్య అంటే మా అత్తగారి చెల్లెలు. మాకు నలభై నిమిషాల దూరంలో ఉండేది. ముప్పై ఏళ్లకి పైగా కాన్పులు చేసి అప్పుడే రిటైర్ అయింది. ఆవిడా, చిన్నమామయ్యా, మరికొందరు స్నేహితులూ కలిసి వేసవిలో అలాస్కా క్రూజ్ బుక్ చేసుకున్నారు. వాళ్లలో ఒకావిడకి మోకాలి ఆపరేషన్ పడి ఆగిపోవడంతో గది ఒకటి ఖాళీ అయింది. మా ఆయనకి ప్రాజెక్ట్ వదిలే వీలు లేదు, నాకు వదలడానికి ప్రాజెక్టే లేదు. "అమ్మాయిని పంపించు, లైబ్రరీకి వారం రోజులు సెలవు దొరుకుతుంది" అన్నారట చిన్నమామయ్య. ఆ క్రూజ్ తిరుగుదారిలో ఒక సాయంత్రం కెనడాలో ఆగుతుందని, ఆ నాలుగు గంటల కెనడా కోసం నేను బోలెడు కాగితాలు నింపి ఒక వీసా తెచ్చుకున్నాను. దాంతోపాటు ఒక నోట్‌బుక్ కూడా నింపాను. ఇంటికి ఇవ్వని పెద్ద పుస్తకాలున్నాయే, వాటిలోంచి అక్కడే కూర్చుని ఎత్తిరాశాను. తిమింగలాలకి ఆరు పేజీలు, బంగారం తవ్వకాలకి నాలుగు, మంచుకి పంతొమ్మిది.

సియాటిల్‌లో ఓడ ఎక్కిన మొదటి సాయంత్రమే భోజనాల బల్ల దగ్గర చిన్నమామయ్య నన్ను అందరికీ పరిచయం చేశారు. "ఈ అమ్మాయి లైబ్రరీ అంతా చదివేసింది. ఎవరికి ఏ డౌట్ ఉన్నా అడగండి." నేను సిగ్గుపడ్డట్టు నటించి నోట్‌బుక్ బల్ల మీద పెట్టాను. వాళ్లు అడిగారు. లిఫ్ట్ ఎటువైపు, పెరుగు ఎక్కడ దొరుకుతుంది, వైఫై ఎందుకు రావడంలేదు, రేపు టిఫిన్ ఎన్నింటికి. మంచుయుగం గురించి ఆ రాత్రి ఎవరికీ డౌట్ రాలేదు.

ఆ వారం గురించి ఇప్పుడు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది కొండలు కాదు, కాళ్లనొప్పులు. మా పది మందిలో అరవై దాటనిదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి పన్నెండో అంతస్తులో మర్చిపోయిన శాలువా, ఐదో అంతస్తులో మర్చిపోయిన మందుల డబ్బా, గది తాళం కార్డ్ పనిచేయని అంకుల్, గది నంబరే మర్చిపోయిన ఆంటీ, అందరూ నా పద్దే. నా గదికి కిటికీ లేదు. పొద్దు తెలిసేది కాదు, తెల్లవారుజామున ఐదున్నరకి ఫోన్ మోగితే తెలిసేది. "అమ్మాయ్, బయట ఏదో దీవి కనిపిస్తోంది, దాని పేరేంటి?" పేరు వెతికి, కోటు వేసుకుని, పైకి వెళ్లేసరికి దీవి వెనక్కి పోయేది, వాళ్లు కాఫీకి పోయేవాళ్లు. నేను ఎవరూ లేని డెక్ మీద, చెట్లు తప్ప ఇల్లన్నది లేని దీవుల వంక చూస్తూ, ఇక్కడ మనిషికి ఎంత హాయిగా ఉంటుందో, ఎవరూ ఏదీ అడగరు కదా అనుకునేదాన్ని.

నా పాండిత్యానికి ఒక లోటు కూడా బయటపడింది. పుస్తకంలో చూసిన మాటలే గానీ చెవిన పడినవి కాదు కదా, ఇరువైపులా కొండలున్న ఆ సన్నటి సముద్రపు పాయలని రెండు రోజులు 'ఫ్జోర్డ్' అన్నాను. మూడోరోజు మైక్‌లో ఓడవాళ్లు 'ఫియోర్డ్' అన్నాక, ఆ మధ్యాహ్నం నుంచి నేనూ ఏమీ ఎరగనట్టు మారిపోయాను. (మా బృందంలో ఒక కార్డియాలజీ అంకుల్ ఉండేవారు. ఆయన మాత్రం ఇప్పటికీ నా పద్ధతిలోనే అంటారు. తప్పని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.) ఆయన మూడు కాళ్ల స్టాండ్ మీద వీడియో కెమెరా పెట్టి, దాని పక్కనే కుర్చీలో నిద్రపోయేవారు. అదే ఆయన అలాస్కా చూసే విధానం.

చిన్నత్తయ్య ఒక్కతే నన్ను ఏ పనీ అడగలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం డెక్ మీద నడుస్తుంటే నేను ఉండబట్టలేక, గ్లేసియర్ అనే మంచునది చివర గోడలా నిలబడి ఉంటుందనీ, అందులోంచి ముక్కలు విరిగి సముద్రంలో పడతాయనీ, దాన్ని ఇంగ్లిష్ పుస్తకాల్లో మంచునది ఈనడం అంటారనీ చెప్పాను. ఆవిడ ఆగిపోయింది.

"ఈనడమా?"

"ఆవు ఈనినట్టు, అత్తయ్యా."

నెమ్మదిగా చెప్పింది. తను వెళ్లిన ప్రతి వెకేషన్‌లోనూ నడుముకి హాస్పిటల్ నుంచి పిలిచే పేజర్ ఉండేదట. ఇదే క్రూజ్ రెండుసార్లు బుక్ చేసుకుని, ఎవరికో నొప్పులు ముందే వచ్చి రెండుసార్లూ మానుకున్నారట. "నాకు తిమింగలాలూ వద్దు, షాపింగూ వద్దు అమ్మాయ్. ఆ గోడ విరిగిపడటం ఒక్కసారి నా కళ్లతో చూడాలి. అది చూపించు చాలు" అంది. చూపించు అనగానే నాకు ఎంత గర్వం వచ్చిందంటే, ఆ మంచునది నా నోట్‌బుక్‌లోనే ఉన్నట్టూ, నేను పేజీ తిప్పితే పడుతుందన్నట్టూ తల ఊపాను.

మర్నాడు ఓడ మంచుగోడ ముందుకొచ్చి ఆగింది. అంత పెద్ద ఓడా ఆ గోడ ముందు అగ్గిపెట్టెలా అయిపోయింది. సన్నటి వాన, చెవులు కొరికే చలి. చీరల మీద కోట్లు, కోట్ల మీద గదుల్లోంచి తెచ్చిన దుప్పట్లు, అందరి తలలకీ మంకీ క్యాప్‌లు. చిన్నత్తయ్య కమ్మీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గంటన్నరపాటు కన్ను తిప్పలేదు. ఓడవాళ్లు డెక్ మీదే వేడివేడి బఠానీ సూప్ పంచుతుంటే కూడా కదల్లేదు. (ఆ సూప్‌లో మాంసం ఉందా లేదా అని కనుక్కురావడానికి మా వాళ్లు నన్ను మూడుసార్లు పంపారు. ఉంది. మూడుసార్లూ ఉంది.) మధ్యమధ్య అటో ఇటో చిన్న ముక్కలు రాలుతున్నాయి గానీ, పంచదార డబ్బా దులిపినట్టు రాలుతున్నాయంతే. చిన్నత్తయ్య వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ చోటంతా నేషనల్ పార్కట, అక్కణ్ణుంచి ఓడెక్కి మైక్‌లో మాట్లాడుతున్న ఉద్యోగిని కూడా మొదట రెండు మాటలు చెప్పి, ఇక చూడండి అని మాట్లాడటం మానేసింది. అంతమంది జనం, గుడిలో హారతి ముందు నిలబడ్డట్టు నిశ్శబ్దంగా ఉన్నారు.

నేను అలసిపోయి చిన్నత్తయ్య పక్కన కమ్మీకి ఆనుకున్నాను. ఆవిడ గోడ వంకే చూస్తూ అడిగింది, "పడబోయే ముందు తెలుస్తుందా అమ్మాయ్?"

తెలియదు అత్తయ్యా, అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర రెండు పేజీలు ఉన్నాయి, ఐదు రోజులుగా ఎవరూ అడక్క అలాగే మిగిలిపోయాయి. మొదలుపెట్టాను. పైనుంచి నెట్టుకొచ్చే బరువు గురించీ, కింద కోసే ఉప్పునీటి గురించీ చెప్పాను. "అన్నిటికన్నా ముఖ్యం ఏమిటంటే అత్తయ్యా, చప్పుడు కోసం ఆగకూడదు. మెరుపు ముందు, ఉరుము తర్వాత కదా, ఇదీ అంతే. చప్పుడు మనదాకా వచ్చేసరికి అది పడిపోయి ఉంటుంది. కాబట్టి కళ్లు అస్సలు..."

ఇక్కడ చిన్నత్తయ్య గురించి ఒక సంగతి చెప్పాలి. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వాళ్ల మొహంలోకి చూడకుండా వినడం ఆవిడకి చేతకాదు. ఎన్ని వందల మంది భయపడుతున్న ఆడపిల్లలు ఆ మొహం చూస్తూ తమ గోడు చెప్పుకున్నారో. ఆవిడ నా వైపు తిరిగింది. గోడ ఎలా ముందుకి ఒరుగుతుందో చూపించడానికి నేను నోట్‌బుక్ పైకెత్తి ఒరగబెట్టాను. అప్పుడే డెక్ మీద జనమంతా ఒక్కసారి ఊపిరి పీల్చారు. ఆ తర్వాత, నేను చెప్పినట్టే, ఉరుము వచ్చింది.

చిన్నత్తయ్య తిరిగి చూసేసరికి గోడలో ఒక పెద్ద ఖాళీ ఉంది. దాని ముందు నీటితుంపర పొగలా లేస్తోంది, పక్షులు చెదిరిపోతున్నాయి. నా నోటికి అప్పుడు కూడా సిగ్గు లేదు. "చూశారా అత్తయ్యా, చప్పుడు తర్వాతే వచ్చింది" అన్నాను.

మేడంత ముక్క పడిందని అటు నిలబడినవాళ్లు చెప్పుకుంటున్నారు. ఆశ ఇంకా చావక కార్డియాలజీ అంకుల్‌ని నిద్రలేపి వీడియో వెనక్కి తిప్పించాం. ఆయన కెమెరా సరిగ్గా మా వెనకే ఉంది. మంచు, వాన, మంచు, ఆ తర్వాత తెర నిండా నా నోట్‌బుక్ అట్ట. వెనకనుంచి జనం అరుపు. అట్ట పక్కకి జరిగేసరికి పొగ. చిన్నమామయ్య ఆ చిన్న తెర మీద రెండుసార్లు వేయించుకుని చూసి, "లైబ్రరీలో మాట్లాడకూడదని ఎందుకంటారో నాకిప్పుడు అర్థమైందమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి, నవ్వు రాక, మంకీ క్యాప్ కిందికి లాక్కుని కమ్మీ దగ్గరికి పోయాను. ఇంకో ముప్పావుగంట ఓడ అక్కడే ఉంది. గోడ తన పని అయిపోయినట్టు గమ్మున ఉండిపోయింది. తర్వాత ఓడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

చిన్నత్తయ్య వచ్చి పక్కన నిలబడింది. క్షమించమని అడగబోయాను. ఆవిడే మాట్లాడింది.

"ప్రతి నెలా ఒకడుండేవాడమ్మా. రాత్రంతా పెళ్లాం పక్కనే కూర్చుంటాడు. ఐదు నిమిషాలు కాఫీకని వెళ్తాడు. వచ్చేసరికి బిడ్డ పుట్టేసి ఉంటుంది. అచ్చు ఇప్పుడు నువ్వు పెట్టిన మొహమే పెడతాడు."

"మీరేమనేవారు అత్తయ్యా?"

"నువ్వు పోగొట్టుకున్నది ఒక్క నిమిషం, బిడ్డని కాదు, వెళ్లి ఎత్తుకో అనేదాన్ని. చాలా గొప్ప మాట చెప్పాననుకునేదాన్ని." దుప్పటి భుజాల మీదికి లాక్కుంది. "వాళ్లంతా నా వంక అదోలా ఎందుకు చూసేవాళ్లో ఇవాళ తెలిసింది."

అని నవ్వింది. నేను ఏడుస్తూ నవ్వాను. అప్పుడే విరిగిన గోడలోంచి వచ్చిన ముక్కొకటి ఓడ పక్కనుంచి పోతోంది, కార్ షెడ్ అంత ఉంటుంది, లోపల దీపం పెట్టినట్టు నీలంగా. "అది అంత నీలంగా ఎందుకుంది?" అని అడిగింది. నాకు దానికి పేజీన్నర తెలుసు. తెలీదు అత్తయ్యా అన్నాను. "నీకు తెలుసు. చెప్పు" అంది. చెప్పాను, పొట్టిగా, ఏళ్ల తరబడి నొక్కుకుపోయిన మంచులో గాలి మిగలదనీ, వెలుగులో నీలం తప్ప మిగతా రంగులన్నీ లోపలే ఇంకిపోతాయనీ. ఆవిడ మొత్తం విన్నది. ఈసారి నా వంక తిరగలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నాకు ఉద్యోగం చేసే కాగితాలు వచ్చాయి, కార్ వచ్చింది, చదవడానికి తీరిక పోయింది. పోయిన వేసవిలో మా ఆయనా, పదకొండేళ్ల మా అమ్మాయీ నేనూ అదే దారిలో మళ్లీ వెళ్లాం. అదే చలి, అదే సూప్. (ఉంది.) మా అమ్మాయి "అమ్మా, అది ఎందుకు బ్రేక్ అవుతుంది?" అని అడిగితే, ముందు చూడు, తర్వాత చెప్తానని దాని మొహాన్ని రెండు చేతులతో మంచు వైపు తిప్పాను. రెండు గంటలు పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. అప్పటి నేను, నోట్‌బుక్ పట్టుకున్న ఆ ఇరవైనాలుగేళ్ల పిల్ల, పక్కనుంటే, ఆగకులే, చెప్పేసెయ్, నీకు మాత్రం ఇంకెవరున్నారు వినడానికి అని ఉండేదాన్నేమో. పంచదార గింజంత ముక్క కూడా పడలేదు.

ఒడ్డుకి రాగానే చిన్నత్తయ్యకి ఫోన్ చేశాను. ఇప్పుడావిడకి మెట్లెక్కడమే కష్టం. పడిందా అని అడిగింది. లేదత్తయ్యా అన్నాను.

"నువ్వేమైనా చెప్తున్నావా అప్పుడు?"

"లేదు, ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు."

"మరి ఎలా పడుతుందే" అంది చిన్నత్తయ్య.