ఉపగ్రహ పటంలో పచ్చిక

శ్మశానంలో గోతులు తవ్వే అతను ఇంటికి రాగానే గోళ్లలో మట్టి పోయేదాకా బ్రష్షుతో రుద్దుకుంటాడు. ఆ తరవాతే ఫోన్ ముట్టుకుని, ఉపగ్రహ పటాల్లో పాడుబడిన సైనిక శిబిరాల కోసం వెతుకుతాడు. యుద్ధకాలంలో సైనికులు తమ్ముణ్ని "రెండు మాటలడిగి పంపించేస్తాం" అని జీపెక్కించుకుపోయారు. ఏ శిబిరానికో తెలియదు. యుద్ధం ముగిసి శిబిరాలన్నీ ఖాళీ అయినా తమ్ముడు రాలేదు. కప్పులు కూలిన బ్యారకుల మీద అతని చూపు ఆగదు, నేలనే గాలిస్తాడు. తవ్వి పూడ్చిన చోట గడ్డి ఎంత ఏపుగా లేస్తుందో అతనికి ఒకరు చెప్పాలా? "ఇదేనంటావా?" అని తల్లి ప్రతిసారీ అడుగుతుంది. "కాదమ్మా" అని, ఊపిరి పీల్చుకుని, ఇంకో చోటికి జరుపుతాడు.

నిన్న తల్లి కళ్లజోడు సర్దుకుని అతని భుజం మీదుగా తొంగిచూసింది. ఎండి బీటలువారిన శిబిరంలో, వెనకగోడ వారగా, గీత గీసినట్టు ఒక్కచోటే పొడుగ్గా పచ్చగడ్డి.

"ఇదైతే బాగుణ్ణురా" అంది తల్లి. "నీళ్లకి కరువు లేనట్టుంది. వాడసలే దాహానికి ఆగలేడు."

అతను "కాదమ్మా" అనలేదు. లేచి వెళ్లి, శుభ్రంగా ఉన్న గోళ్లనే మళ్లీ రుద్దుకోవడం మొదలుపెట్టాడు.