సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు, నాకు అన్నం దిగలేదు

ఈ పొద్దు మా సూపర్‌వైజర్ నన్ను మెచ్చుకున్నాడు. సాయంత్రంనుంచీ అదే నాకు భయమైపోయింది.

కన్నడసీమ నరసాపురంలో బండ్లు చేసే ఫ్యాక్టరీలో బ్రేకులు బిగించేది నా పని. రేపు నాకు రివ్యూ, అంటే ఏడాది పని చూసి మార్కులేసేది. మధ్యాహ్నం ఆయన పక్కన నిలబడి చూసి, "నీ పని సూపరమ్మా" అని నవ్వి పోయినాడు. నేను చేరినప్పటినుంచీ ఆ నోట్లోంచి 'ఊఁ' తప్ప ఇంగో మాట రాలేదు.

సాయంత్రం కంపెనీ బస్సులో, నాతో పనిచేసే మంజులక్కకు సంతోషంగా చెప్పినాను. ఆయమ్మ మొగం వాడిపోయింది.

"పోయినేడు రివ్యూకి ముందురోజు నాకూ ఇదే మాట చెప్పినాడే. మర్నాడు 'యావరేజ్' అన్నాడు."

ఇంగ చూడండి నా గతి. పొద్దున బిగించిన బోల్టులన్నీ బస్సులో కూర్చొని మనసులోనే మళ్లీ బిగించుకుంటా వచ్చినాను. ఏది వదులైందో? ఆ నవ్వు యాడనుంచి వచ్చిందో?

ఇంటికొచ్చి రాగిముద్ద, పప్పుసారు చేసి పెట్టినాను. మా ఆయన ముద్ద సారులో అద్దుకొని తిని, "సారు శానా బాగుండాది" అన్నాడు.

"ఏం తక్కువైందో నేరుగా చెప్పప్పా!" అని అరిచేసినాను.

పాపం, రెండో ముద్ద ఆయన చేతిలోనే నిలిచిపోయింది.

మెచ్చుకుంటే భయం లేకుండా నమ్మే చోట మీరెవరన్నా పని చేస్తా ఉంటే, ఎట్లుంటాదో కొంచెం రాయండి.