క్యాలెండర్ కాగితంలో రెండు బోల్టులు

కడత్తూరులో బస్సులు ఆగే చోటికి కాస్త అవతల నాకొక రిపేరు అంగడి ఉంది. ముందర అంగడి, వెనక ఇల్లు. మందు కొట్టే స్ప్రేయర్లు, చిన్న పెట్రోలు పంపుసెట్లు, పెళ్ళిళ్ళకు అద్దెకు తిరిగే జనరేటర్లు, ఏడాదికొకసారి ఏదో కాలేజీవాళ్ళు తుప్పు పట్టించి తెచ్చే లాన్ మోవరు, అన్నీ నా చేతికే వస్తాయి. ఎక్కువగా వచ్చేది మాత్రం గడ్డి కోసే మిషను. భుజానికి తగిలించుకుంటే పొడుగాటి గొట్టం చివర బ్లేడు తిరుగుతుందే, అది. పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు అదొకటి ఉంది.

కొత్తగా కొన్నవాడు మొదటి రోజే నా దగ్గరికి వస్తాడు. రిపేరుకు కాదు, గార్డు తీయించుకోవడానికి. బ్లేడుకు వెనక, కోసేవాడి కాళ్ళ వైపు, ఒక ప్లాస్టిక్ రేకు అడ్డంగా ఉంటుంది. రాళ్ళు వెనక్కి ఎగరకుండా కంపెనీవాడు పెట్టింది అది. మా వైపు మేతకు వేసే జొన్న మనిషెత్తు పెరుగుతుంది. ఆ కాడలు గార్డుకూ బ్లేడుకూ మధ్య చుట్టుకుంటే ఇంజను మూలిగి ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా తాడు లాగి మళ్ళీ స్టార్టు చేయాలి. భుజం నొప్పి ముందు రాయి భయం ఏపాటి? "తీసేయన్నా" అంటారు. రెండు బోల్టులు, రెండు నిమిషాల పని. గార్డు ఇంటికి తీసుకుపొమ్మంటే "మాకెందుకు, నీ దగ్గరే ఉండనీ" అంటారు. అలా నా అంగడి గోడ నిండా గార్డులు వేలాడుతుండేవి.

బోల్టులు మాత్రం పోకూడదని, గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు కాగితం చించి, అందులో పొట్లం కట్టి వాళ్ళ చొక్కా జేబులో పెట్టేవాణ్ణి. నేను పని నేర్చుకున్న కుప్పం వర్క్‌షాపులో మా ఓనరు పద్ధతి అది. తెలుగు రాయడం, చదవడం కూడా అక్కడే నేర్చుకున్నాను, ఆయన తెప్పించే పేపరు చూసి. మాది తమిళ ఊరు, బళ్ళో చెప్పేదీ తమిళమే, అయినా మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే. అది చదవడం వచ్చింది నాకొక్కడికే.

అక్కను వెల్లిచందైలో ఇచ్చాం. బావకు నాలుగు ఆవులు, కొంచెం మెట్టచేను. బావ నోరున్న మనిషి. మా ఇంటికి వస్తే వీధిలోనే మొదలుపెట్టేవాడు. "ఏమత్తా, అల్లుడు వస్తాడని తెలిసి కోడి పారిపోయిందా?" అనేవాడు. అమ్మ లోపల్నుంచి నవ్వుతూనే తిట్టేది. బావ వచ్చిన రోజు మా ఇంట్లో రేడియో అవసరం ఉండేది కాదు.

కొడవలితో ఎంతకాలం కోస్తావు బావా అని నేనే పోరి మిషను కొనిపించాను. కొన్నరోజే దాన్ని నా అంగడికి తెచ్చాడు, ఆయిలు పెట్రోలు ఎంతెంత కలపాలో చూపించమని. గార్డు తీయమని బావ అడగలేదు. ఈ ముక్క గట్టిగా రాయాలి, అడగలేదు. నేనే స్పానరు తీశాను.

"ఇది ఉంటే పని జరగదు బావా."

"కంపెనీవాడు పిచ్చోడా? ఊరికే పెట్టినాడా?" అన్నాడు బావ.

"కంపెనీవాడు ఎప్పుడన్నా జొన్న కోసినాడా?" అన్నాను.

నా మాటకు నేనే నవ్వాను. బావ కూడా నవ్వాడు. గార్డు నా గోడకే వదిలి, పొట్లం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ నవ్వు గుర్తొస్తే నా పళ్ళు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

పది రోజులు కూడా కాలేదు. ఉదయం పూట పక్కచేనతను ఫోను చేశాడు. బావ కోస్తుంటే, వెనకాలే అక్క వంగి మేత పోగు చేస్తోందట. బ్లేడు రాయికి తగిలింది. ఆ రాయి వచ్చి అక్క కుడి కంటికి కొట్టింది. పాలవ్యానులో వేసుకుని ధర్మపురికి తీసుకుపోతున్నారు.

అమ్మను బండి మీద ఎక్కించుకుని వెళ్ళేసరికి అక్కను లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఆస్పత్రి వరండాలో బావ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ నిండా గడ్డి పసరు, చొక్కా మీద అక్క నెత్తురు. అమ్మ కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"నువ్వు గోడకి తగిలిస్తావే, ఆ రేకు. అది వీళ్ళ మిషనుకి ఉన్నిందా, లేదా?"

"ఉన్నిందమ్మా" అన్నాను.

ఆలోచించి అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నోట్లోంచి జారిపోయింది. బావ తలెత్తి నన్ను చూశాడు. అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. బావ తల దించుకున్నాడు.

అమ్మ బావ మీద పడింది. అల్లుణ్ణి ఎన్నడూ ఏకవచనంలో పిలవని మనిషి, ఆ రోజు అందరి ముందూ "ఏమిరా" అంది. "రేకు ఉండి కూడా నా బిడ్డ కంటికి తగిలిందంటే నువ్వు ఎట్లా తిప్పినావురా? నీ కండ్లు యాడ పెట్టుకోనుంటివి?"

"నాదే తప్పు అత్తా" అన్నాడు బావ.

తర్వాత నాతో, నా మొహం చూడకుండానే, "ఆవులు పాలకి వచ్చుంటాయి. పోయి పితుకుపో అప్పా" అన్నాడు.

ధర్మపురి నుంచి వెల్లిచందైకి నేరుగా పోవచ్చు. నేను చుట్టు తిరిగి కడత్తూరు వచ్చాను. గోడ మీదనుంచి బావ గార్డు తీసుకుని, నా డబ్బాలోంచి రెండు బోల్టులు ఏరుకుని, అప్పుడు వెల్లిచందైకి పోయాను. చేలో మిషను పడినచోటే పడి ఉంది. స్విచ్చు వేసే ఉంది, ట్యాంకులో చుక్క లేదు. ఎవరూ ఆపనందుకు పెట్రోలు అయ్యేదాకా అక్కడే ఒంటరిగా తిరిగి తిరిగి ఆగిపోయింది. బ్లేడు అంచున ఒకచోట పన్ను విరిగి ఉంది. అక్కడే కూర్చుని గార్డు బిగించాను. కొత్తగా కనిపిస్తోందని గుప్పెడు గడ్డి నలిపి దాని మీద పులిమాను కూడా. అంత తెలివి నాకు.

నా చుట్టుదారి వల్ల ఆవులకు పొద్దు మించిపోయింది. పొదుగులు బిగిసి అరుస్తున్నాయి. చేతులు మూడుసార్లు కడిగినా పెట్రోలు వాసన పోలేదు. ఆ చేతులతోనే పితికాను.

అక్క కన్ను దక్కలేదు.

చూడవచ్చిన వాళ్ళందరూ ముందు అక్కను చూసి, తర్వాత మిషనును చూశారు. గార్డు ఉంది. ఉండి కూడా తగిలిందంటే కోసినవాడిదే అజాగ్రత్త అన్నారు. భార్య వెనక ఉందని తెలిసి ఎవడైనా అట్లా తిప్పుతాడా అన్నారు. బావ అందరికీ తల ఊపాడు. మిషనుకు గోనెపట్టా చుట్టి కొట్టం అటక మీద పడేసి మళ్ళీ కొడవలి పట్టుకున్నాడు. కొడవలికి ఎన్ని ఆవుల మేత తెగుతుంది? రెండింటిని అమ్మేశాడు.

అమ్మ నాలుగేళ్ళు బావతో మాట్లాడలేదు. ఏదైనా పని మీద కడత్తూరు వస్తే బావ మా ఇంట్లోకి రాడు. అంగట్లో స్టూలు మీద కూర్చుంటాడు. నేను టీ తెప్పిస్తాను. తాగి, గ్లాసు కింద పెట్టి, "శరి, వస్తాను" అంటాడు. అంతే. కోడి మాట లేదు, పరాచికం లేదు. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకుంటాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఎవడిదో ప్లగ్గు గీకుతూ కూర్చుంటాను.

నేను గార్డులు తీయడం మానేశాను. గోడ మీదివన్నీ గోనెలో కుక్కి దాచేశాను. తీయమన్నవాణ్ణి తిట్టి పంపిస్తాను. "కన్ను పోతే నీ అబ్బ ఇస్తాడా?" అని ఒకణ్ణి అరిచాను, వాడు మళ్ళీ రాలేదు. ఇంకో అంగడికి పోయి తీయించుకుంటారు, నాకు తెలుసు. అయినా బజారులో నాకు మంచి పేరే వచ్చింది. అక్కకు అట్లా అయిందని పాపం మనిషి మారిపోయినాడు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక పనిముట్లు విసిరేస్తాను.

పోయిన వానాకాలం అక్క ఒక్కతే రెండు బస్సులు మారి వచ్చింది. వెంట గోనెపట్టా చుట్టిన మిషను. కండక్టరు ఎక్కించనన్నాడట, పోట్లాడి ఎక్కించుకుంది. స్టూలు కాస్త జరుపుకుని, ఎడమ కంటికి నేను కనబడేటట్టు కూర్చుంది.

"దీన్ని నడిచేటట్టు చేసియ్యి. ఇంక నేనే కోస్తాను. మీ బావకి మోకాలు వంగేది లేదు."

విప్పాను. నాలుగేళ్ళు మూలన పడ్డ ఇంజను ఎలా ఉంటుందో అలాగే ఉంది. ట్యాంకులో లేకపోయినా కార్బొరేటరులో మిగిలిన పెట్రోలు ఎండి బంకలా పట్టుకుంది. లోపలి రబ్బరు పొర అప్పడంలా బిరుసెక్కింది. పైపులు పట్టుకుంటే పొడి రాలుతోంది. పొర మార్చాను, పైపులు మార్చాను, సన్నటి తీగతో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం తెరిచాను. ప్లగ్గు కొత్తది వేశాను. ఆయిలు కలిపిన పెట్రోలు పోసి తాడు లాగితే ఏడోసారికి తెల్లటి పొగ కక్కుతూ లేచింది. అక్క ఆ చప్పుడుకు చీరకొంగు గట్టిగా పట్టుకుంది. నేను వెంటనే ఆపేశాను.

"రేయ్, ఈ రేకు ఎవరు పెట్టినార్రా?" అంది.

నేను పాత ప్లగ్గు తీసుకుని తుడవసాగాను. అక్క వదల్లేదు.

"మీ బావని అడిగితే, 'నేనే తీసినా, మళ్ళా నేనే పెట్టుకున్నా' అన్నాడు. నిజమేనా?"

నాలుగేళ్ళ తర్వాత కూడా బావ నాకోసం తలుపు తీసే ఉంచాడు. నేను సిగ్గు లేకుండా అందులోంచి దూరాను. "బావ చెప్పినాడంటే నిజమే ఉంటుంది లే అక్కా" అన్నాను.

అక్క కొంగు ముడి విప్పింది. పసుపెక్కిన క్యాలెండర్ కాగితపు పొట్లం. బల్ల మీద పెట్టి విప్పితే లోపల రెండు బోల్టులు, ఇంకా కొత్త మెరుపు పోలేదు.

"కిటికీ గూట్లో, పసుపు డబ్బా వెనక ఉన్నింది. ఆ దినం నుంచి ఎవరూ విప్పలేదు. ఇవి ఇక్కడుంటే, ఆ రేకు దేనితో నిలబడి ఉంది?"

ఇద్దరం గార్డు వైపు చూశాం. నా డబ్బాలోని బోల్టులు, పెద్ద తలలవి, కింద నేను వేసిన వాషర్లు. ఎవరు చూసినా నా చేతిపని అని చెప్తారు. నేను నేల మీద కూర్చుండిపోయాను.

"నేనే అక్కా. తీసింది నేనే, పెట్టింది నేనే. భయమేసింది."

ఏడ్చింది నేనే. అక్క ఏడవలేదు.

"నా కన్ను తీసింది రాయి. దానికి నిన్నేమీ అనను. ఆయన నోరు తీసింది మాత్రం నువ్వురా. నాలుగేండ్లుగా ఆ ఇంట్లో మాట్లాడేది నేనొకతెనే. గోడతో మాట్లాడినట్టు."

"నేనొచ్చి బావకి చెప్తాను అక్కా, కాళ్ళు పట్టుకుంటాను."

"ఆయనకి తెలీనిది ఏముందని చెప్తావు? ఆయన్ని అందరి ముందూ అన్నది అమ్మ. అమ్మకి చెప్పు." లేచి నిలబడింది. "నీవి ఊడబెరికి, ఇవి వేసియ్యి."

నా బోల్టులు తీసి కంపెనీవి బిగించాను. మిషను బస్సు దాకా మోస్తానంటే అక్క ముట్టుకోనివ్వలేదు.

అమ్మ పెరట్లో అనపకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. స్పానరు తీసిన దగ్గర్నుంచి గడ్డి పులిమినదాకా ఏదీ దాచలేదు. అమ్మ చేతులు ఆగిపోయాయి. నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. అమ్మ తలెత్తి, అంగడి వైపు ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"ఇంకెవరికి చెప్పినావు?"

"అక్కకి."

"ఇంకెవరికీ చెప్పొద్దు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అంగడికి ఎవరూ రాకుంటే ఏమి తింటాము?"

"మరి బావ?"

"ఆయన ఇన్నాళ్ళు మోసినాడు కదా నాయనా" అంది అమ్మ, మళ్ళీ కాయ అందుకుంటూ.

పోయిన నెల బావ ఆయిలు డబ్బా కోసం వచ్చాడు. నేను టీకి పంపబోతుంటే అమ్మ లోపల్నుంచి కాఫీ తెచ్చి, గడపలోనే నిలబడి నా చేతికిచ్చింది. నాలుగేళ్ళలో మొదటిసారి. బావ గ్లాసు వైపు చూశాడు, గడప వైపు చూశాడు. అప్పటికే అమ్మ వెళ్ళిపోయింది. ఏం జరిగిందో ఆయనకు అర్థమైంది.

"బావా..." అన్నాను.

"వదిలేయప్పా" అన్నాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, "శరి, వస్తాను" అన్నాడు.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ధైర్యం వచ్చి రాస్తున్నానని అనుకోకండి. బావకు తమిళం తప్ప చదవడం రాదు. అక్కకూ అంతే. అమ్మకు ఏదీ రాదు. బావను తప్పుపట్టిన ఆ ఊళ్ళో ఈ అక్షరాలు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే రాయగలిగాను.