గురువారం వచ్చే మనిషి

నెట్ సెంటర్లు కొత్తగా వెలిసిన ఆ రోజుల్లో, ఎవరైనా మనల్ని చూస్తుంటే మనకి తెలుస్తుందని నమ్మేవాళ్ళం. నందిగామలో మా పిన్ని పెళ్ళిసంబంధాల బ్యూరో నడిపేది. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నేను దానికొక వెబ్‌సైటు తయారుచేసి, ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చి ఏ పేజీ చూశారో చెప్పే ఉచిత సాధనం ఒకటి తగిలించాను. (ఆ సంగతి చూసేవాళ్ళకి చెప్పాలని మాకు తోచనే లేదు.) రోజూ ఆ లెక్కలు చూసి మురిసిపోతుండగా ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. అది హైవే మీద ప్రమాదంలో పోయిన లెక్చరర్ కుర్రాడిది. తీసెయ్యడం మరిచిపోయాం. జగ్గయ్యపేటలోని ఒక నెట్ సెంటర్ నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం ఎవరో దాన్ని తెరిచి చాలాసేపు ఉంచుతున్నారు. అతను పోయింది గురువారమే.

“వాడేరా,” అంది పిన్ని గొంతు తగ్గించి. “తన సంబంధం ఎందాకా వచ్చిందో చూసుకుంటున్నాడు.”

“దెయ్యానికి నెట్ సెంటరెందుకు పిన్నీ?”

“ఇంట్లో కనెక్షన్ ఉండొద్దూ?”

పిన్ని మానిటర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. పెళ్ళి ఫోటోల మధ్య పోయినవాడి ఫోటో ఉండకూడదు, వెంటనే తీసెయ్యమంది. ఎవరో తెలుసుకున్నాక తీస్తానన్నాను. గురువారం ఇద్దరం బస్సెక్కాం. (విభూతి పొట్లం పిన్ని కొంగున ఉంది, ధైర్యం ఎవరి దగ్గరా లేదు.) నెట్ సెంటర్లో చివరి క్యాబిన్ కర్టెన్ సందులోంచి అతని మొహం కనిపించింది, తెర నిండా, మమ్మల్నే చూస్తూ. ముందు ఎవరూ ఉన్నట్టు లేదు. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. కర్టెన్ జరిపాను. టేబుల్ మీద తల వాల్చుకున్న అమ్మాయి ఒకతె ఉలిక్కిపడి లేచింది.

“ప్రతి గురువారం వస్తారు కదండీ?” అన్నాను, పెద్ద పరిశోధకుడిలా.

ఆమె మొహం పాలిపోయింది. “మీకెట్లా తెలుసు? మా ఇంట్లోనే తెలీదు.” దెయ్యాన్ని చూసినవాళ్ళు ఎలా చూస్తారో, అలా నన్ను చూసింది.

“నువ్వా అమ్మాయ్!” అంది పిన్ని. అతనికి ఖాయమైన పిల్ల ఆమే.

“ఆయన పోగానే మావాళ్ళు ఫోటో తిరిగిచ్చేశారు కదా ఆంటీ. పద్ధతంట. ఇంక ఇక్కడొక్కటే ఉంది. ఇదీ తీసేస్తారా?”

పిన్ని ఆ అమ్మాయి తల నిమిరింది. “ఉంటుందిలేమ్మా. నువ్వెప్పుడొస్తావో ఇహ మాకు తెలీదు,” అని, నా వంక చూసింది.

ఆ సాయంత్రమే ఆ సాధనం పీకేశాను. పిన్ని బతికున్నన్నాళ్ళూ ఆ పేజీ ఉంది. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చిందో, మానేసిందో మాకు తెలియలేదు. చాలాకాలం గురువారం మధ్యాహ్నాలు అలవాటుగా లెక్కలు తెరవబోయి, లేవని గుర్తొచ్చి, తెర ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. అలా కూర్చున్న అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పక్కగదిలోంచి పిన్ని “ఏం చూస్తున్నావురా?” అని అడిగేది. “ఏం లేదు పిన్నీ,” అనేవాణ్ణి. నిజంగానే ఏమీ కనపడేది కాదు.