స్పృహ లేనివాడి విల్లింగ్

గోదావరిఖనిలో నేను గని పనికి కుదిరిన తొలి ఏళ్లలో మా అందరి నోళ్లలో ఎక్కువగా నలిగిన ఇంగ్లీషు మాట విల్లింగ్. ఇష్టపడి సిద్ధం కావడమని బళ్లో దానికి అర్థం చెప్పారు. గని ఆఫీసులో మాత్రం విల్లింగ్ అంటే సంతకం. మనసు లేకపోయినా రిజిస్టరులో సంతకం ఉంటే విల్లింగే; ప్రాణం పెట్టుకున్నా సంతకం లేకపోతే కాదు. (ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.)

నాకు ల్యాంపు రూములో పని కావాలి. తలదీపాలకు చార్జింగు పెట్టి ఇచ్చే గది అది. భూమి మీద ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది. రెండేళ్లుగా గని లోపల నీళ్లలో నిలబడి నా కాలివేళ్ల సందులు ఒరిసిపోయాయి. ఆఫీసులో క్లర్కుగా ఉన్న మా బావను (సొంత అక్క మొగుడే, అయినా ఇలా చేశాడు) అడిగితే, "ఏ నోటీసు వచ్చినా విల్లింగ్ రాయి బామ్మర్దీ, సార్ల కండ్లల్ల పడుతవు" అన్నాడు. రాశాను. తాడు లాగుడుకు రాశాను, పాటల పోటీకి రాశాను, చివరికి ప్రథమ చికిత్స పోటీలో పేషెంటుగా పడుకోవడానికీ రాశాను.

పోటీ రోజున మా జట్టు నాయకుడు మీసాల కాక నా రెండు చేతులకూ చెక్కబద్దలు వేసి, వేళ్లు కూడా కనబడకుండా గుడ్డ చుట్టి, ఛాతీ మీద చీటీ అంటించాడు: 'రెండు చేతులు విరిగినవి, స్పృహ లేదు.' సరిగ్గా అప్పుడే బావ రిజిస్టరు పట్టుకొని ఉరికొచ్చాడు.

"ల్యాంపు రూముల ఒక్కటే ఖాళీ! పన్నెండు లోపల సంతకం పెట్టాలె, జల్ది!"

పన్నెండుకు అయిదు నిమిషాలుంది.

"కాకా, ఒక్క చెయ్యి ఇప్పు. మళ్ల విరగ్గొట్టుకుంట."

"నోరు మూయ్‌రా! స్పృహ లేనోనివి, మాట్లాడితే మార్కులు పోతయి."

"బావా, నేను విల్లింగ్!" అని మైదానమంతా వినబడేలా అరిచాను. మార్కులు వేసే సారు వంగి నా చీటీ చదివి పది మార్కులు కోశాడు. బావ కూడా చదివాడు. "స్పృహ లేనోని మాట ఎట్ల రాసుకోవాలె?"

"కాలి బొటనవేలి ముద్ర తీస్కో!" అంటూ కాలు చాపాను.

బావ నిజంగానే కాసేపు ఆలోచించాడు. "కాలికి రూలు లేదు బామ్మర్దీ."

పక్కనే పల్లీలు తింటూ చూస్తున్న మా షిఫ్టువాడు, "నేను పెట్టనా అన్నా?" అని చేయి దులుపుకొని తన పేరుకే సంతకం పెట్టేశాడు. ల్యాంపు రూము వాడిదైపోయింది. వాడికి ఆ పని మీద ఆశైనా లేదు.

నా చేతులు కట్టి ఉన్నాయనడానికి చీటీని సాక్ష్యంగా జతచేసి ఫిర్యాదు పెట్టాను. 'విచారించగా, దరఖాస్తుదారు ఆ సమయంలో స్పృహలో లేరని తేలింది' అని జవాబొచ్చింది, దాంతో పాటు చీటీ కూడా తిరిగొచ్చింది.

ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. బావ ఇంటికొస్తే ముందు దాన్ని ఆయన ముందు పెట్టి, తర్వాతే చాయ్ ఇస్తాను. ఆయన చాయ్ తాగి, చీటీని జాగ్రత్తగా మడిచి నా చేతికే ఇస్తాడు. అప్పుడప్పుడు, అందరి ముందూ కాలు చాపి వేలు చూపించిన ఆ పిల్లగాడు గుర్తొచ్చి నాకే నవ్వొస్తుంది. ఆ తర్వాత ఎన్నిటికో సంతకాలు పెట్టాను గానీ, అంత మనస్ఫూర్తిగా మళ్లీ దేనికీ విల్లింగ్ కాలేదు.